బుడే మేస్త్రీ ఎక్కించిన గాసు

చిలకలూరిపేటలో షేక్ బుడే అని అడిగితే చాలామందికి తెలియదు. ఏసీ బుడే అంటే చిన్న పిల్లలు కూడా దారి చూపించేవాళ్ళు. హైవే పక్కన నా బ్యాటరీల కొట్టు, దాన్ని ఆనుకునే ఆయన రేకుల షెడ్డు. పదకొండేళ్ళు అలా పక్కపక్కన బతికాం. నాకంటే ఆరేళ్ళు పెద్ద కాబట్టి నేను అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను యలమందా అని పిలిచేవాడు, విసుగొస్తే ఒరేయ్ అనేవాడు.

వాళ్ళ నాన్న దూదేకేవాడు. ఊరూరా తిరిగి పరుపులు, బొంతలు కుట్టేవాడు. బుడేకి దూది నుసి పడేది కాదు. ఏకుతున్న చోట పది నిమిషాలు కూర్చుంటే ఊపిరి పట్టేసేది. పదహారో ఏట విజయవాడలో ఫ్రిజ్జులు బాగుచేసే కొట్టులో చేరి, అక్కణ్ణుంచి కార్ల ఏసీ పనిలోకి మారాడు. తొంభై ఆరులో పేటకి తిరిగొచ్చి షెడ్డు వేశాడు. అప్పటికి మా ఊళ్ళో ఏసీ కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిల్లుల వాళ్ళవి, డాక్టర్లవి, మిర్చి వ్యాపారుల్లో పెద్దవాళ్ళవి. చూస్తుండగానే పెరిగాయి.

ఆయన పని చేస్తుంటే చూడబుద్ధేసేది. బానెట్టు ఎత్తి, ఇంజను ఆడుతుండగా కళ్ళు మూసుకుని కంప్రెసర్ చప్పుడు వినేవాడు. తర్వాత రెండు చేతులూ రెండు పైపుల మీద వేసేవాడు. ఒకటి కాలాలి, ఒకటి చల్లగా చెమట పట్టాలి. తేడా ఉంటే సబ్బు నురగ చేసి ప్రతి జాయింటుకీ పూసి, బుడగ ఎక్కడ లేస్తుందో చూస్తూ గంటలు గంటలు గొంతుకూర్చునేవాడు. తొందరపెట్టిన వాళ్ళతో, "కారే చోటు దొరక్కుండా గాసు ఎక్కిస్తే వారానికి మళ్ళీ వస్తారు. అప్పుడు నన్నే తిడతారు" అనేవాడు.

మనిషి మెత్తన. ఒక్క విషయంలో మాత్రం గర్వం ఉండేది. తన షెడ్డులోకి వచ్చిన కారు వేడిగాలి కొడుతూ బయటికి పోకూడదు. మంచి పేరున్న పనివాళ్ళలో చాలామందికి ఉండే గర్వమే అది. 2003 ఎండాకాలంలో ఆయన్ని దెబ్బతీసింది కూడా అదే.

ఆ ఏడాది ఎండలు ఎలా కాశాయో ఈ జిల్లాల్లో ఎవర్ని అడిగినా చెబుతారు. వడదెబ్బకి పోయినవాళ్ళ పేర్లు రోజూ పేపర్లో వచ్చేవి. మధ్యాహ్నం పన్నెండు దాటితే హైవే మీద లారీలు కూడా పలచబడేవి. సరిగ్గా అప్పుడే ఏసీ గాసుకి కరువొచ్చింది. పాత కార్లన్నిటికీ ఒకే రకం గాసు. అది ఆకాశంలో ఓజోను పొరని పాడుచేస్తుందని దేశాలన్నీ తగ్గించుకుంటూ వస్తున్నాయట. కొత్త కార్లు వేరే గాసుతో వస్తున్నాయి. ఆ కొత్త గాసు పాత కార్లకి ఉన్నపళంగా పనికిరాదు, లోపల నూనె మార్చాలి, కొన్ని భాగాలు మార్చాలి. పాత గాసు కోసం బుడే విజయవాడ నాలుగుసార్లు వెళ్ళి, మూడుసార్లు ఉత్త చేతులతో వచ్చాడు.

వంట గాసు కూడా పనిచేస్తుందని ఎక్కడో పనిచేసే తోటి మేస్త్రీ ఒకడు ఆయనకి చెప్పాడు. మొదట విన్నప్పుడు బుడే కొట్టిపారేశాడు.

మే నెల మధ్యలో చీమకుర్తి నుంచి తోమా వచ్చాడు. తెల్ల అంబాసిడర్ టాక్సీ అతనిది. గ్రానైటు కొనడానికి పైదేశాల నుంచి, పై రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్ళని క్వారీలకి తిప్పుతుంటాడు. ఏసీ పనిచేయకపోతే వాళ్ళు కారెక్కరు. "వారం నుంచి బండి ఇంటి ముందే ఉంది మేస్త్రీ. నువ్వు కూడా లేదంటే ఇంకెక్కడికి పోను?" అన్నాడు.

బుడే చాలాసేపు ఆ కారు చుట్టూ తిరిగాడు. తర్వాత సైకిలెక్కి ఇంటికి పోయాడు. ఇల్లు షెడ్డు వెనక వీధిలోనే. అరగంటకి వంట గాసు బండని సైకిలు మీద కట్టుకుని వచ్చాడు. వెనకాలే ఆయన భార్య ఖుర్షిదా వచ్చింది, చేతికి పిండి అంటుకుని ఉంది.

"ఏమయ్యా, పొయ్యి మీద గిన్నె ఉండగా బండ ఊడదీసుకొచ్చావు. కారుకీ దానికీ ఏం సంబంధం?" అంది.

"పనుంది. సాయంత్రం తెచ్చిస్తాను."

"పొయ్యి దగ్గర లీకైతేనే ప్రాణం దడదడలాడుద్ది. కారులో ఎట్టా పెడతావు?"

"పైపుల్లోనే తిరుగుద్ది. బయటికి రాదు" అన్నాడు బుడే. ఆ మాట ఆమెకి చెబుతున్నట్టు లేదు. తనకి తనే చెప్పుకుంటున్నట్టుంది.

కారు చల్లబడింది. మామూలు గాసు కంటే బాగా చల్లబడింది. తోమా ఆయన రెండు చేతులూ పట్టుకుని వెళ్ళాడు. ఆ వారంలోనే సత్తెనపల్లి మిర్చి కమీషన్ వ్యాపారి అంకమ్మరావుగారి అంబాసిడర్‌కీ, మా ఊరి జిన్నింగు మిల్లు యజమాని నాగేంద్రబాబుగారి కాంటెస్సాకీ అదే ఎక్కించాడు. మూడు కార్లు. ఎవరికీ ఏం ఎక్కించాడో చెప్పలేదు. నేను చూశాను, నేనూ చెప్పలేదు. ఆ సంగతి కూడా ఇక్కడ రాయాలి.

జూన్ రెండో తేదీ, సోమవారం. రోహిణి కార్తె నడుస్తోంది. పొద్దున తొమ్మిది కాకముందే రోడ్డు మీద ఆవిర్లు ఆడుతున్నాయి. నాగేంద్రబాబుగారి కాంటెస్సా వచ్చి షెడ్డు ముందు ఆగింది. వెనక సీట్లో వాళ్ళమ్మ సుబ్బరావమ్మగారు ఒక్కరే ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి, భర్త పోయాక మిల్లుని పదేళ్ళు ఆవిడే నడిపింది. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి.

డ్రైవరు ఇంజను ఆపి దిగి, "చల్లదనం తగ్గింది మేస్త్రీ. నిన్నటి నుంచి లోపల ఏదో వాసన కూడా వస్తోంది" అన్నాడు.

"ఏం వాసన?"

"అమ్మగారు వంటింటి వాసనంటున్నారు. స్టవ్ కట్టెయ్యడం మర్చిపోతే వస్తుందే, అలా."

బుడే చేతిలో పానా అలాగే ఆగిపోయింది.

"వాసన పోతుందని వినాయకుడి దగ్గర అగరొత్తి వెలిగించబోయాను. పొగకి దగ్గొస్తుంది వద్దన్నారు" అన్నాడు డ్రైవరు. కారు ముందు భాగంలో చిన్న వినాయకుడి బొమ్మ, దాని పక్కన అగరొత్తులు గుచ్చే బిళ్ళ అద్దంలోంచి కనిపిస్తున్నాయి. అగ్గిపెట్టె అతని చొక్కా జేబులో ఉంది.

బుడే పరుగెత్తలేదు. నెమ్మదిగా నడిచి వెళ్ళి వెనక తలుపు తీశాడు. "దిగండి అమ్మగారూ. మెల్లగా దిగి యలమంద కొట్టు అవతల నీడలో కూర్చోండి" అన్నాడు. తర్వాత డ్రైవరు వైపు తిరిగి, "తాళం ముట్టుకోకు. జేబులో అగ్గిపెట్టె రోడ్డవతల పెట్టి రా" అన్నాడు.

"ఎందుకు?"

"పెట్టి రా ముందు."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. కొట్టులోంచి బయటికొచ్చాను. "యలమందా, ఏ స్విచ్చీ వెయ్యకు, తియ్యకు. వచ్చి చెయ్యి వెయ్యి" అన్నాడు. ముగ్గురం కలిసి కాంటెస్సాని చేతుల్తోనే తోసుకుంటూ షెడ్డు వెనక ఖాళీ స్థలంలోకి తీసుకెళ్ళాం. నాలుగు తలుపులూ, బానెట్టూ, డిక్కీ తెరిచి దూరంగా నిలబడ్డాం. బుడే మాత్రం వంగి, కాళ్ళ కింద పరిచిన పట్టాలు ఒక్కొక్కటే లాగి బయట పడేశాడు. ఆ గాసు గాలి కంటే బరువు. కిందికి దిగి కాళ్ళ దగ్గర పేరుకుంటుంది. పట్టాలు లాగేసరికి ఆ వాసన నా దాకా వచ్చింది.

ఆకు కదలడం లేదు. గాలి ఆడితే బాగుండునని అంతగా నేనెప్పుడూ కోరుకోలేదు. ఓ పావుగంట అలాగే ఉంచి, ఆ తర్వాత పైపు జాయింటు వదులు చేసి మిగిలినదంతా ఆ బయల్లోకి వదిలేశాడు. ఆయన వీపు మీద చొక్కా తడిసి ముద్దైంది. డ్రైవరుకి అప్పటికి విషయం అర్థమైంది. జేబు తడుముకుంటూ నేల మీద కూర్చుండిపోయాడు.

సుబ్బరావమ్మగారు నా కొట్టు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. "కారుకేమైంది బుడే?" అని అడిగారు.

పైపు పాడైందని చెప్పొచ్చు. ఆవిడ నమ్మేది కూడా. ఆయన ఏం చెబుతాడోనని నేను నేల చూపులు చూస్తున్నాను.

"పోయిన నెల మీ కారుకి నేను ఎక్కించింది ఏసీ గాసు కాదు అమ్మగారూ. మా ఇంట్లో వంట గాసు. లోపల గాలిని చల్లబరిచే కాయిలు చిల్లుపడి అది మీరు కూర్చున్న చోటికి వచ్చింది. అగ్గిపుల్ల గీసుంటే మీరు ఉండేవాళ్ళు కాదు" అన్నాడు బుడే.

ఆవిడ వెంటనే అడిగారు. "ఇంకెన్ని కార్లకి పెట్టావు?"

"ఇంకో రెండు."

"మరి నా ముందు నిలబడ్డావేం?" అన్నారు.

నా కొట్టులో ఫోనుంది. బుడే నంబర్లు రాసుకునే చిన్న పుస్తకం తెచ్చాడు. ముందు సత్తెనపల్లి చేశాడు. అంకమ్మరావుగారి గొంతు పెద్దది, పక్కన నిలబడ్డ నాకు కూడా వినిపిస్తోంది. "నా కారు బ్రహ్మాండంగా చల్లబడుతుంటే నీకేం నొప్పయ్యా మేస్త్రీ? తీరిగ్గా వచ్చే వారం రా చూద్దాం" అంటున్నారు. బుడే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆయన నవ్వారు. "ఇవాళ్టికి కారు తియ్యకండి, అద్దాలు దించి ఎండలో వదిలెయ్యండి, దణ్ణం పెడతాను" అని బుడే అంటుండగానే ఫోను పెట్టేశారు.

తోమాకి ఫోను లేదు. చీమకుర్తిలో వాళ్ళ వీధి చివర టెలిఫోను బూత్ నంబరు ఇచ్చి వెళ్ళాడు. బూత్ నడిపే వెంకటరావమ్మ ఎత్తింది.

"తోమా లేడండి. ఎనిమిదింటికే గుంటూరు కిరాయికి పోయాడు. మా వీధిలో నాగజ్యోతని, పన్నెండు రోజుల బాలెంత. పాపకి రెండు రోజుల నుంచి జ్వరం, పాలు పట్టడం లేదు. ఈ ఎండలో బస్సులో ఎట్టా తీసుకుపోతారని ఏసీ కారు మాట్లాడుకున్నారు" అంది.

అవతల లైను కట్టయ్యాక కూడా బుడే రిసీవరు చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాడు. గోడ గడియారం పది కావడానికి పదిహేను నిమిషాలు చూపిస్తోంది. ఒంగోలు మీదుగా వస్తే మా ముందు నుంచే గుంటూరు పోవాలి. ఎనిమిదింటికి బయల్దేరితే ఈపాటికి దగ్గర్లో ఉండాలి. లేదా దాటిపోయి ఉండాలి.

"కారు నంబరుందా అన్నా?" అని అడిగాను.

"రాసుకోలేదు. తెల్ల అంబాసిడర్. ముందు అద్దం మీద శిలువ బొమ్మ అంటించి ఉంటుంది."

సుబ్బరావమ్మగారు స్టూలు మీద నుంచి లేచారు. "ఆ కారు ఆపి గాసు తీసేస్తే పసిగుడ్డు ఈ ఎండలో గుంటూరు దాకా ఎలా పోతుంది? ఆ ఫోనిటివ్వు" అన్నారు. ఇంటికి ఫోను చేసి కొడుకుతో, "నాగేంద్రా, కొత్త కారు వేసుకుని బుడే షెడ్డు దగ్గరికి రా. ఎందుకని అడగొద్దు, రా" అన్నారు.

నేను ఒంగోలు వైపు రెండు వందల గజాలు నడిచి రోడ్డు వారన నిలబడ్డాను. బుడే పని చేసేటప్పుడు కార్ల మీద గీతలు పడకుండా కప్పే ఎర్ర దుప్పటి పట్టుకుని షెడ్డు ముందు నిలబడ్డాడు. ఖుర్షిదా టిఫిను డబ్బాతో వచ్చింది. మొగుడు ఎర్ర దుప్పటి పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డం చూసి, నా దాకా నడిచొచ్చి అడిగింది, నేను చెప్పాను. డబ్బా అక్కడే గట్టు మీద పెట్టేసి మా ఇద్దరికీ మధ్య నిలబడింది. బండ మాట ఎత్తలేదు.

ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద నాలుగు కార్లొస్తే అందులో రెండు తెల్ల అంబాసిడర్లే. ప్రతిదాన్నీ ముందు అద్దం వైపు కళ్ళు చికిలించి చూడాలి. ఎండకి అద్దాలు మెరిసి ఏమీ కనిపించేది కాదు. శిలువ ఉన్నట్టే అనిపించేది, దగ్గరికొస్తే లేదు. ఒక కారుని బుడే అడ్డం పడి ఆపాడు. అందులో ఎవరో పెళ్ళివాళ్ళు, తిట్టి పోయారు. పది దాటింది. పదింబావు అయింది. దాటిపోయిందేమోనన్న అనుమానం మొదలైంది.

నాగేంద్రబాబుగారు వచ్చారు. తల్లి చెప్పింది విన్నారు. నేను దూరం నుంచి చూస్తుండగానే ఆయన రోడ్డు మీదికి నడిచి బుడే చొక్కా పట్టుకున్నారు. ఏమన్నారో నాకు వినపడలేదు. బుడే విడిపించుకోలేదు. ఆయన భుజం మీదుగా రోడ్డు వైపే చూస్తున్నాడు.

అప్పుడే ఒక పత్తి లారీ వెనక నుంచి తెల్ల అంబాసిడర్ పక్కకి వచ్చింది. లారీని దాటుతోంది. ముందు అద్దం మీద మూలగా నల్లటి శిలువ. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. నేను రెండు చేతులూ ఊపాను. ఎవరో చందాల వాళ్ళనుకున్నాడేమో, తోమా నా పక్క నుంచి దూసుకుపోయాడు. "అన్నా, అదే" అని అరుస్తూ వెనకే పరుగెత్తాను. ఖుర్షిదా కూడా కేక పెట్టింది.

బుడే నాగేంద్రబాబుగారి చేతుల్లోంచి ఒక్క ఊపున విడిపించుకుని రోడ్డు నడిమధ్యకి పోయి నిలబడ్డాడు. దుప్పటి ఊపడం కూడా మానేశాడు. ఊరికే నిలబడ్డాడు. బ్రేకుల చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. కారు పక్కకి జారి ఆయన మోకాళ్ళకి జానెడు దూరంలో ఆగింది. వెనక లారీ హారను కొట్టుకుంటూ మట్టి రోడ్డులోకి దిగిపోయింది.

తోమా తల బయట పెట్టాడు. "చావాలనుంటే నా బండే దొరికిందా..." అంటూ బుడేని గుర్తుపట్టి ఆగాడు. బుడే అప్పటికే వెనక తలుపు తెరిచాడు.

లోపల ఇరవై ఏళ్ళుంటాయేమో, చెవులకి గుడ్డ కట్టుకున్న పిల్ల. ఒళ్ళో తెల్ల గుడ్డలో పాప. పక్కన ఆ పిల్ల తల్లి.

"అమ్మా, దిగండి. పాపని తీసుకుని ముందు దిగండి" అన్నాడు బుడే.

"ఏమైందండీ?" అంది నాగజ్యోతి. బిడ్డని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఈ కారు ఏసీలో నేను వంట గాసు పెట్టాను. లీకైతే అంటుకుంటుంది. నాదే తప్పు. ఆ కారులో వెళ్ళండి, చల్లగా ఉంటుంది."

ఆమె ఒళ్ళో పాపని చూసుకుంది. "చీమకుర్తి నుంచి ఇక్కడి దాకా మేము అట్టాగే వచ్చామా?"

"అవునమ్మా."

ఆమె పైట పాప మీదికి కప్పుకుని దిగింది. సుబ్బరావమ్మగారు ఎదురెళ్ళి, కొత్త కారు తలుపు తనే తీసి పట్టుకున్నారు. నాగేంద్రబాబుగారు తాళాలు డ్రైవరుకి ఇచ్చి, గుంటూరులో ఏ ఆసుపత్రికి పోవాలో, ఎవరి పేరు చెప్పాలో రెండుసార్లు చెప్పి పంపారు. తర్వాత బుడే వైపు తిరిగి చూడకుండా తల్లిని రిక్షా ఎక్కించి తీసుకెళ్ళిపోయారు.

తోమా కారుని కూడా షెడ్డు వెనక్కి తోశాం. బుడే నురగ చేసి ప్రతి జాయింటుకీ పూశాడు. కాయిలు దాకా విప్పి చూశాడు. ఒక్క బుడగ లేవలేదు. ఆ కారులో లీకు లేదు.

"అంటే ఊరికే ఆపామా అన్నా?" అన్నాను. అలసటలో నోరు జారాను.

"ఇవాళ లేదు" అన్నాడాయన. గాసంతా బయటికి వదిలేశాడు.

బుడే జాయింటు బిగిస్తుండగా తోమా దగ్గరికొచ్చి కూర్చుని, "మా పిల్లలిద్దర్నీ రోజూ ఇందులోనే తిప్పాను మేస్త్రీ. నన్ను ఒక మాట అడగాల్సింది" అన్నాడు. బుడే తల ఊపాడు. తోమా అద్దాలన్నీ దించుకుని, ఆ వడగాలిలోనే చీమకుర్తి తిరిగి పోయాడు.

సత్తెనపల్లి మిగిలింది. మళ్ళీ ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి నా మోటారు సైకిలు మీద ఇద్దరం బయల్దేరాం. తలకి తడి తువాళ్ళు చుట్టుకున్నాం. నరసరావుపేట చేరకముందే అవి ఎండిపోయి గరగరలాడాయి. దారి పొడవునా ఆయన ఒక్క మాటే అన్నాడు. "ఆయన సిగరెట్టు తాగుతాడు యలమందా."

మేము వెళ్ళేసరికి కారు ఇంటి ముందు ఇంజను ఆడుతూ ఉంది. అంకమ్మరావుగారి ఇంటివాళ్ళు పట్టుచీరలు కట్టుకుని లోపల కూర్చున్నారు, ఎక్కడో పెళ్ళికి బయల్దేరుతున్నారు. ఆయన గుమ్మం దిగి వస్తున్నారు. చేతిలో సిగరెట్టు, ఇంకా వెలిగించలేదు.

"వెలిగించకండి" అన్నాడు బుడే.

"ఏవయ్యా, ఫోనులో పోరింది చాలక ఊడిపడ్డావా? పక్కకి తప్పుకో, ముహూర్తానికి పోవాలి."

"ఇంజను ఆపించి అందర్నీ దించండి. పావుగంటలో తీసేస్తాను. ఇదే గాసు లీకైన కారులో ఇవాళ పొద్దున ఒకావిడ చావు తప్పించుకుంది."

"ఆవిడ కారు పాతదయ్యుంటుంది. నా కారు నాకు తెలుసు."

బుడే వెళ్ళి కారు ముందు నిలబడ్డాడు. అంకమ్మరావుగారు రెండు చేతుల్తో తోశారు. ఆ కాలే నేల మీద పడ్డాడు, అరచేతులు చీరుకుపోయాయి. లేచి మళ్ళీ అక్కడే నిలబడ్డాడు. వీధిలో జనం పోగయ్యారు. రెండోసారి తోయబోతుంటే కారు తలుపు తెరుచుకుంది. ఆయన కూతురు తేజశ్రీ, కాలేజీలో చదువుకునే అమ్మాయి, దిగింది.

"నేను ఈ కారెక్కను నాన్నా. తప్పు చేశానని చెప్పుకోడానికి ఎవరైనా ఇంత ఎండలో ఇంత దూరం వస్తారా? అమ్మా, దిగు" అంది.

ఒక్కొక్కరే దిగారు. వీధి చివర ఖాళీ జాగాలోకి కారు తోసి బుడే జాయింటు వదులు చేశాడు. బుస్సుమని గాసు బయటికొచ్చింది. అంత ఎండలోనూ పైపు చివర తెల్లగా మంచు పట్టింది. వాసన వీధి దాకా పాకింది. అంకమ్మరావుగారు ఆ వాసన పీల్చి, సిగరెట్టుని వేళ్ళ మధ్య నలిపి కింద పడేశారు. ఆ తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళని దూరంగా జరగమని ఆయనే కేకలేశారు. లోపలి నుంచి ఎవరో బుడే చేతులకి పసుపు తెచ్చిచ్చారు.

నాగజ్యోతి కూతురు ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండి కోలుకుంది. వెంకటరావమ్మ బూత్‌కి ఖుర్షిదా రోజూ నా కొట్టు నుంచే ఫోను చేసి కనుక్కునేది.

బుడే సంగతి పేటంతా పాకింది. నాగేంద్రబాబుగారు ఎక్కడా దాచలేదు, దాచమని బుడే అడగలేదు. ఆ ఎండాకాలం మిగిలిన రోజుల్లో షెడ్డుకి ఒక్క కారు రాలేదు. వర్షాకాలం కూడా అలాగే గడిచింది. పాత ఫ్రిజ్జులు బాగుచేస్తూ, మిల్లుల్లో మోటార్లకి వైండింగు చేస్తూ ఇల్లు గడిపాడు. దూది పడని మనిషి నోటికి గుడ్డ కట్టుకుని జిన్నింగు మిల్లుల్లో పని చేశాడు. రాత్రుళ్ళు దగ్గుతున్నాడని ఖుర్షిదా చెప్పేది. నాతో మాత్రం ఎప్పుడూ ఏమీ అనలేదు.

మరుసటి ఏడు మూడు నెలలు మద్రాసులో ఉండి వచ్చాడు. నలభై ఏళ్ళ మేస్త్రీ పాతికేళ్ళ కుర్రవాళ్ళ కింద పని చేసి, పాత కార్లకి కొత్త గాసు ఎలా పట్టించాలో, నూనె ఎలా మార్చాలో, ఏ భాగాలు మార్చాలో నేర్చుకున్నాడు. తిరిగొచ్చి షెడ్డు తెరిచిన వారానికి తోమా వచ్చాడు. బానెట్టు ఎత్తి, "ఏం పెడుతున్నావో ప్రతిదీ నాకు చూపించి పెట్టు" అన్నాడు. బుడే సాయంత్రం దాకా ఒక్కో భాగం అతని చేతికిచ్చి చూపించి బిగించాడు. మెల్లగా మిగతావాళ్ళూ వచ్చారు. నాగేంద్రబాబుగారు మాత్రం మళ్ళీ రాలేదు. సుబ్బరావమ్మగారు గుడికి పోతూ నా కొట్టు దగ్గర రిక్షా ఆపించి, ఆయన పని ఎలా ఉందని రెండు మూడుసార్లు అడిగారు.

శుక్రవారం శుక్రవారం నమాజు అయ్యాక బుడే నా మోటారు సైకిలు అడిగి తీసుకుని బయటికి పోయేవాడు. ఎక్కడికని చాలాకాలం చెప్పలేదు. గుంటూరు నుంచి ఒంగోలు దాకా రోడ్డు మీద ఎక్కడ కారు ఏసీ షెడ్డు కనపడితే అక్కడ ఆగి, తను చేసింది చెబుతున్నాడని తర్వాత తెలిసింది. కొందరు విన్నారు, కొందరు నవ్వారు. ఒకసారి నేను కూడా వెంట వెళ్ళాను. 2006 ఏప్రిల్. మేదరమెట్ల అవతల ఒక చిన్న షెడ్డు. అందులో మేస్త్రీ, మేము అలాంటి పనులు చెయ్యమని ఒట్టేసి చెప్పాడు. బుడే లోపలికి చూశాడు. మూల గోనెపట్టా కప్పి ఏదో ఉంది, కింద నుంచి ఎర్రటి బండ అంచు కనపడుతోంది.

బుడే అతన్ని ఏమీ అనలేదు. అక్కడున్న బల్ల మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. తాగి, "ఎన్ని కార్లకి పెట్టావు తమ్ముడూ?" అని మెల్లగా అడిగాడు.

ఆ మేస్త్రీ వెళ్ళి గోనెపట్టా పక్కకి లాగాడు. తర్వాత, "ఐదు" అన్నాడు.

"వాళ్ళ ఫోను నంబర్లున్నాయా?"

"రెండిటికి ఉన్నాయి."

బుడే నా వైపు తిరిగి, "బండిలో పెట్రోలు ఎంతుంది యలమందా?" అని అడిగాడు.